పదకొండో వార్డుకి టీ ట్యాంకరు

రాళ్ళపూడి మునిసిపల్ ఆఫీసులో సూపరింటెండెంటుగా పనిచేస్తున్న పరాంకుశం ఉద్యోగంలో చేరిన నాటినుంచి ఒక్క నిర్ణయం కూడా సొంతంగా తీసుకున్న పాపాన పోలేదు. ఇది ఆయన మీద వేస్తున్న నింద కాదు, ఆయన స్వయంగా చెప్పుకునే గొప్ప. నిర్ణయం తీసుకున్న ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఎంక్వయిరీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడేనని, తనను మాత్రం ఏ ఎంక్వయిరీ ఆఫీసరూ కుర్చీలోంచి లేపలేకపోయాడని కొత్తగా చేరిన గుమాస్తాలకి బోధించేవాడు.

ఆయన పద్ధతి చాలా తేలిక. బల్లమీదికి ఏ కాగితం వచ్చినా శ్రద్ధగా చదివి అందులో ఒక సందేహం పుట్టిస్తాడు. ఆ సందేహాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, చివర "ఈ విషయమై పైవారి స్పష్టత కోరడమైనది" అని చేర్చి రాజధానికి పంపేస్తాడు. స్పష్టత వచ్చేదాకా వ్యవహారం ఎక్కడిదక్కడే ఉంటుంది. దీన్ని ఆఫీసు భాషలో యథాతథ స్థితి అంటారు. బజారు మధ్యలో ఒరిగిపోయిన కరెంటు స్తంభం దీపాల సెక్షనుదా, రోడ్ల సెక్షనుదా అని ఆయన అడిగిన సందేహానికి ఇంతవరకు జవాబు రాలేదు. స్తంభం అలాగే ఒరిగి ఉంది. దానికి గోనెపట్టా కట్టుకుని ఒకాయన ఆ నీడన చెప్పులు కుడుతున్నాడు.

అయితే సందేహం పంపితే సరిపోదు, పైన దాన్ని ఎవరూ చదవకుండా కూడా చూసుకోవాలి. అందుకు "అతి జరూరు" అని అచ్చేసిన ఎర్ర చీటీ ఉంది. రాష్ట్రంలో ప్రతి ఆఫీసూ ప్రతి కాగితానికీ ఆ చీటీ అంటించి పంపుతుంది కాబట్టి, రాజధానిలో ఎర్ర చీటీల కాగితాలన్నిటినీ ఒక గదిలో వేసి, తీరిక చిక్కినప్పుడు చూద్దామని తాళం పెట్టారు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ఈ రహస్యం ఎరిగిన కొద్దిమందిలో పరాంకుశం ఒకడు. ఏ కాగితమైనా శాశ్వతంగా నిద్రపోవాలనుకుంటే దానికి స్వహస్తాలతో ఎర్ర చీటీ అంటించేవాడు.

ఇంత సందేహాల మనిషికీ ఒక్క విషయంలో సందేహం లేదు. అది టీ. ఆఫీసు గేటు దాటితే పదకొండో వార్డు, అంటే బస్టాండు వార్డు. ఊళ్ళో ఎక్కడా లేనన్ని టీకొట్లు ఆ వార్డులోనే ఉన్నాయి. వాటన్నిటిలోకీ కాశింబీ కొట్టు పరాంకుశానికి గుడితో సమానం. ఆమె అల్లం చితక్కొట్టే చప్పుడు వినబడితే చాలు, ఎంతటి ఫైలునైనా మూసేసి లేచేవాడు. గాజు గ్లాసు అంచుదాకా పోసిన టీని కింద ఒలక్కుండా అందుకుని, మొదటి గుక్క మింగి కళ్ళు మూసుకునేవాడు. ఆ కాసేపట్లో ఆయన ముఖం చూసినవాళ్ళు ఈయనకి ఇంట్లో గాని ఆఫీసులో గాని ఏ కష్టమూ లేదనుకునేవాళ్ళు. ఆయన ఇల్లు కూడా ఆ వార్డులోనే, కాశింబీ కొట్టు వెనక సందులో ఉంది.

ఆ వేసవిలో మునిసిపాలిటీకి కొత్త కమిషనరు వచ్చాడు. పేరు ప్రియవ్రత్. ఆరోగ్య జీవనం మీద ఎక్కడో కొండల్లో శిక్షణ పొంది వచ్చిన మనిషి. ఎక్కడికి వెళ్ళినా కొలగీతలున్న పెద్ద నీళ్ళ సీసా ఒకటి వెంట ఉండేది. దాన్ని మొయ్యడానికి అటెండరు పోలయ్యను ప్రత్యేకంగా నియమించాడు. వచ్చిన వారంలోనే సిబ్బందినందరినీ హాల్లో కూర్చోబెట్టి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"మిత్రులారా! ఈ పట్టణంలో నీటి ఎద్దడికి కారణం ఏమిటని మీరు అనుకుంటున్నారు?"

చెరువు ఎండిందనీ, పైపులు పగిలాయనీ, మోటారు కాలిపోయిందనీ అందరికీ తెలుసు. అయినా కమిషనరు అడిగినప్పుడు జవాబు చెప్పడం మర్యాద కాదు కనుక ఎవరూ నోరు మెదపలేదు.

"టీ!" అన్నాడు కమిషనరు. "టీ అంటే ద్రవరూపంలో ఉన్న ఎడారి. మీరు ఒక గ్లాసు టీ తాగితే అది మీ శరీరంలోంచి రెండు గ్లాసుల నీళ్ళు బయటికి తోసేస్తుంది. అప్పుడు మీకు దాహం వేస్తుంది. దాహం వేస్తే మునిసిపాలిటీ నీళ్ళు తాగుతారు. అంటే టీ తాగే ప్రతి పౌరుడూ మునిసిపల్ ట్యాంకుకి చిల్లు పెడుతున్నట్టే. కావున రేపటినుంచి కార్యాలయ వేళల్లో టీ సేవనం పూర్తిగా నిషిద్ధం!"

హాలంతా చప్పట్లు మోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది పరాంకుశమే. కొడుతున్నంతసేపూ ఆయన గుండె జారిపోతూనే ఉంది.

తన గదికి తిరిగి వచ్చిన పరాంకుశం కుర్చీలో కూలబడి కాసేపు ఫ్యాను వంక చూశాడు. తరవాత తేరుకున్నాడు. ఉత్తర్వు వచ్చిందంటే దాంట్లో సందేహం ఉండితీరాలి. కాగితం ముందుకు లాక్కుని రాశాడు: "టీ సేవనము వలన దేహమందు నీరు చేరునా, లేక పోవునా? చేరునెడల, టీ నీటితో సమానమగునా? ఈ విషయమై పైవారి స్పష్టత కోరడమైనది. అంతవరకు యథాతథ స్థితి కొనసాగించుటకు అనుమతి ప్రార్థితము." కమిషనరు దాని మీద సంతకం పెట్టక తప్పలేదు. స్పష్టత అడుగుతానంటే వద్దన్న అధికారి ఈ రాష్ట్రంలో ఇంతవరకు పుట్టలేదు.

ఇక ఎర్ర చీటీ అంటించడమే మిగిలింది. తీరా చూస్తే జిగురు సీసా బిరుసెక్కి ఉంది. నాలుగు చుక్కలు నీళ్ళు పోసి కలుపుదామంటే ఆ రోజు ఆఫీసులో కుళాయి రాలేదు. కూజా ఖాళీ. కమిషనరు సీసా అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఈలోగా కాశింబీ కొట్లోంచి అల్లం చితక్కొట్టే చప్పుడు వినబడింది. "ఒక్కదానికి చీటీ లేకపోతే కొంపలేం మునగవులే" అనుకుని పరాంకుశం కాగితాన్ని అలాగే తపాలులో పడేసి లేచాడు. ఆయన సర్వీసు మొత్తంలో చేసిన తప్పు ఇదొక్కటే.

చీటీ లేని కాగితం రాజధానిలో అడుగుపెట్టడం చాలా కాలం తరవాత అదే మొదటిసారి. జరూరు కానిది కాబట్టి దాన్ని గదిలో పడెయ్యడానికి రూలు ఒప్పుకోలేదు. విధిలేక ఎవరో చదివారు. చదివినవాళ్ళకి నచ్చింది. పని లేక కూర్చున్న నిపుణుల సంఘం ఒకటి ఉంటే దానికి అప్పగించారు. నెల తిరక్కుండానే సంఘం రాళ్ళపూడిలో దిగింది. రైలు దిగుతున్న సంఘం చైర్మన్‌ని చూసినప్పుడు పరాంకుశానికి పై ప్రాణాలు పైనే పోయాయి.

సంఘంలో ఇద్దరు డాక్టర్లున్నారు. ఒకాయన చేరుతుందనే పక్షం, ఇంకొకాయన పోతుందనే పక్షం. వాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, ఏం చెప్పాలన్నా చైర్మన్‌కే చెప్పేవాళ్ళు. ప్రయోగం కోసం పోలయ్యకు టీ పట్టించి ముందూ వెనకా బరువు తూచాలని నిర్ణయించారు. మునిసిపాలిటీలో ఉన్న కాటా ఒక్కటే, అది చెత్త ట్రాక్టర్లు తూచేది. పోలయ్యను ట్రాక్టరుతో సహా కాటా ఎక్కించి తూచి, టీ తాగించి మళ్ళీ తూచారు. ముల్లు కదల్లేదు.

"చూశారా, టీ వల్ల నీరు పోలేదు!" అన్నాడు చేరుతుందనే ఆయన.

"చేరనూ లేదు, చైర్మన్ గారికి మనవి చేస్తున్నాను!" అన్నాడు పోతుందనే ఆయన.

"ఇంకాస్త పట్టించండి" అన్నాడు చైర్మన్.

పోలయ్య గ్లాసు మీద గ్లాసు తాగుతూ ఎండలో ట్రాక్టరు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నానికి వాడి చొక్కా తడిసి ముద్దయింది. ఈ చెమట టీ వల్ల పుట్టిందా, ఎండ వల్ల పుట్టిందా, దీన్ని ఎవరి లెక్కలో వెయ్యాలి అని డాక్టర్లిద్దరూ పోట్లాడుకుంటుంటే వాడు మెల్లిగా చెయ్యెత్తి, "అయ్యా, నేను ఒంటికి పోయొస్తా" అన్నాడు. సంఘమంతా ఒక్కసారి లేచి నిలబడింది. గాజు కొలపాత్ర పట్టుకుని పోతుందనే డాక్టరు వాడి వెంట పడ్డాడు. పోలయ్య సిగ్గుపడి గోడ దూకి పారిపోయాడు. ఆ విధంగా కీలకమైన సాక్ష్యం చేజారిందని నివేదికలో విచారం వెలిబుచ్చారు.

చివరికి ఎవరినీ నొప్పించకుండా సంఘం తీర్పు చెప్పింది. టీలో అధికభాగం నీరే గనుక టీ నీటితో సమానం. అయితే పోతుందనే పక్షాన్ని చిన్నబుచ్చరాదు గనుక, చీకటి పడ్డాక తాగిన టీ మాత్రం నీరు కాదు.

తీర్పు విన్న పరాంకుశం ఆ పూట కాశింబీ కొట్టు దగ్గర కూడిన అందరికీ తన ఖర్చుతో టీ పోయించాడు. "ఏంది సామీ, ఇంట్లో శుభకార్యమా?" అంది కాశింబీ. "అంతకన్నా ఎక్కువే" అన్నాడాయన. ఆమెకి ఏమీ అర్థం కాకపోయినా ఆయన గ్లాసులో ఇంకాస్త పోసింది.

మర్నాడు పొద్దున పరాంకుశం ఇంటి ముందు రోజూ వచ్చే నీళ్ళ ట్యాంకరు ఆగలేదు. ఆ మర్నాడూ రాలేదు. వరసగా పెట్టిన బిందెల పక్కన అరుగు మీద కూర్చున్న ఆయన భార్య చూడామణి, ఆయన గుమ్మంలోంచి తొంగిచూడగానే అడిగింది.

"ఏమండీ, మన వార్డుకి నీళ్ళెందుకు రావటంలా? మీ ఆఫీసేగా పంపేది, కనుక్కోరూ?"

కనుక్కోవడానికి వెళ్ళిన పరాంకుశాన్ని కమిషనరు ఎంతో సంబరంగా కూర్చోబెట్టాడు. ఒకప్పుడు టీని ఎడారి అన్న మనిషి ఇప్పుడు దాన్ని జీవనది అంటున్నాడు. పైవారి స్పష్టత వచ్చాక అధికారికి సొంత అభిప్రాయం ఉండదు కదా.

"పరాంకుశం గారూ, మీ సందేహం ఈ పట్టణానికి వరం! టీ నీటితో సమానం. అంటే టీకొట్టు కుళాయితో సమానం. ఇన్నాళ్ళూ మనం కుళాయిల్ని తక్కువగా లెక్కపెట్టుకుని ఎద్దడి ఉందని భ్రమపడ్డాం. మీ వార్డులో అడుగుకో టీకొట్టు ఉంది. కాబట్టి పదకొండో వార్డును జలసమృద్ధ ప్రాంతంగా ప్రకటించి ట్యాంకరును ఉపసంహరించాం. ఎలా ఉంది?"

"దివ్యంగా ఉంది సార్" అన్నాడు పరాంకుశం. ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ నోరు ఆ మాట అనేసింది. "కానీ సార్, వంటకీ, స్నానానికీ..."

"ఆ విషయంలో స్పష్టత కావాలా?"

పరాంకుశం ఉలిక్కిపడి "వద్దు సార్" అన్నాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. చూడామణి చేతిలోని బిందె కింద పెట్టింది. "అంటే, ఆఫీసులో మీ టీ మానలేక మీరొక సందేహం అడిగారు. అందుకని వార్డంతా నీళ్ళు లేకుండా ఉంది. అంతేనా?" అంది. ఆయన తల ఊపాడు. ఆమె రెండు బిందెలు తీసుకుని పక్క వార్డు వైపు నడిచింది. ఆమెకి మోకాళ్ళ నొప్పులు. ఆ బిందెలతో ఆమె నడిచి వెళ్తుంటే చూడలేక పరాంకుశం లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. జీవితంలో మొట్టమొదటిసారి ఆయనకి సిగ్గేసింది.

కాశింబీ టీ కాచేది కూడా ఆ ట్యాంకరు నీళ్ళతోనే. అవి ఆగిపోయాక రెండు రోజులు ఎలాగో నెట్టుకొచ్చి పొయ్యి ఆర్పేసింది. మిగతా కొట్లు కూడా ఒక్కొక్కటే మూతపడ్డాయి. కమిషనరు ఆమెకి నోటీసు పంపాడు. అత్యవసర జలసరఫరా కేంద్రమును ముందస్తు సమాచారము లేక మూసివేసి ప్రజలకు అసౌకర్యము కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలని దాని సారాంశం. ఆ కాగితం పట్టుకుని ఆమె నేరుగా పరాంకుశం ఇంటికొచ్చింది.

"సామీ, నీళ్ళుంటే గదా నేను టీ కాసేది! నేను టీ కాస్తన్నా గాబట్టి నీళ్ళియ్యరంట. నీళ్ళియ్యకపోతే టీ ఎందుకు కాయలేదంటన్నారు. నువ్వు సదువుకున్నోడివి, నువ్వన్నా సెప్పు, ఇదేం లెక్క?"

పరాంకుశం ఆ నోటీసు అందుకుని చదివాడు. ఆయన బాధల్లా ఈ లెక్క తన చేతిరాతతోనే మొదలైందని.

టీకొట్లన్నీ మూతపడ్డాయి కనుక పదకొండో వార్డులో ఎద్దడి ఉన్నట్టు కమిషనరు ఒప్పుకున్నాడు. ఎద్దడి దేనికి? టీకి. కనుక ప్రభుత్వం టీ సరఫరా చేయాలి. వారం తిరిగేసరికి నీలం రంగు ట్యాంకరుకి గోధుమరంగు వేయించి, మెడలో బంతిపూల దండతో వార్డుకి పంపారు. మొన్నమొన్నటిదాకా ఆ వార్డుకి నీళ్ళు తెచ్చిన ట్యాంకరే అది. ఇప్పుడు అవే నీళ్ళని బాయిలరులో కాచి, పొడీ పాలూ పంచదారా కలిపి తెస్తోంది. ఇంత ఖర్చు పెట్టడం ప్రజల మీద ప్రేమ కాకపోతే మరేమిటని కమిషనరు విలేకరులను ఎదురు ప్రశ్నించాడు.

మొదటి రోజు పండగలాగే జరిగింది. ఆడవాళ్ళు బిందెలతో, పిల్లలు చెంబులతో క్యూ కట్టి బిందెల నిండా టీ పట్టుకుపోయారు. మధ్యాహ్నానికి సంగతి తెలిసొచ్చింది. టీతో అంట్లు తోమితే గిన్నెలు జిగటగా తేలాయి. టీతో బట్టలుతికితే తెల్ల పంచెలు కావి రంగుకి తిరిగాయి. బియ్యం వండితే పరమాన్నమూ కాక, అన్నమూ కాక అదేదో తయారైంది. స్నానం చేసినవాళ్ళ వెంట ఈగలు ఊరేగింపుగా నడిచాయి. నాలుగిళ్ళ అవతల ఒక చంటిపిల్లకి టీతో స్నానం చేయించి ఉయ్యాల్లో పడుకోబెడితే చీమలు పట్టాయి. ఆ పిల్ల ఏడుపు వీధి చివరిదాకా వినబడింది. మర్నాడు పొద్దున్నే అర్ఘ్యం వదలడానికి దోసిలి పట్టిన పరాంకుశం, అందులో ఆవిర్లు కక్కుతున్న టీని చూసి, సూర్యభగవానుడికి దణ్ణం మాత్రం పెట్టి ఊరుకున్నాడు. ఆయనకి ఎంతో ఇష్టమైన వాసన ఇల్లంతా నిండి ఉంది. గుక్కెడు తాగబుద్ధి కాలేదు.

"తాగరేం?" అంది చూడామణి. "మీరు అడిగిందేగా."

ఆ మాటకి ఆయన ఆ రాత్రి అన్నం తినలేకపోయాడు. పొద్దుటికి ఆయన బుర్ర పని చేయడం మొదలుపెట్టింది. ఉత్తర్వుతో మొదలైన చిక్కును ఉత్తర్వులతోనే విప్పాలని ఆయన తీర్మానం. టీ సరఫరా నిబంధనలు తెరిచి చూశాడు. చక్కెర వ్యాధి ఉన్నవారికి పంచదార లేని టీ ఇవ్వాలని ఉంది. కడుపుబ్బరం ఉన్నవారికి పాలు లేని టీ. నిద్ర పట్టనివారికి పొడి లేని టీ. మూడు జబ్బులూ ఒకరికే ఉంటే ఏమివ్వాలో నిబంధనలు రాసినవారికి తట్టలేదు. పరాంకుశానికి తట్టింది. ఆయన ఆనందం పట్టలేక చూడామణిని పిలిచి ఆ పేజీ చదివి వినిపించాడు. ఆమె మొదట నమ్మలేదు. తరవాత నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలా రోజుల తరవాత ఆమె నవ్వడం అదే.

ఆ వారమంతా పదకొండో వార్డు సర్కారు ఆసుపత్రి ముందు నిలబడింది. పసివాళ్ళతో సహా అందరికీ చక్కెర వ్యాధీ, కడుపుబ్బరమూ, నిద్రలేమీ ఉన్నాయని డాక్టరు సర్టిఫికెట్లు రాసిచ్చాడు. ఆయన కాపురం కూడా ఆ వార్డులోనే, ఆయన భార్య కూడా టీతోనే అంట్లు తోముతోంది. ఆఫీసులో పరాంకుశం సంతకంతో కాగితాలు చకచకా కదిలాయి. తరవాతి సోమవారం వార్డుకి వచ్చిన ట్యాంకరులో పంచదార లేని, పాలు లేని, పొడి లేని టీ ఉంది. టీని వేడిగానే ఇవ్వాలన్న రూలు మార్చలేదు కాబట్టి పొగలు కక్కుతోంది. వీధంతా దాన్ని దోసిళ్ళతో పట్టుకుని, చేతులు కాలుతున్నా సరే, ముఖాలు కడుక్కుంది.

చూడామణి రెండు బిందెలు నింపుకుంది. కాశింబీ ఒక డేగిసా నిండా పట్టుకెళ్ళి పొయ్యి వెలిగించింది. కాసేపటికి అల్లం చితక్కొట్టే చప్పుడు వినబడింది. పరాంకుశం కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి.

"ముందు నీకే సామీ" అంటూ గాజు గ్లాసు అంచుదాకా పోసి ఇచ్చింది.

ఆయన గ్లాసు నోటిదాకా తెచ్చాడు. సరిగ్గా అప్పుడే వీధి మొదట్లో కమిషనరు జీపు ఆగింది. వెనకే విలేకరుల కారు, సన్మాన సంఘం వారి వ్యాను. పరాంకుశం గ్లాసు వీపు వెనక దాచుకున్నాడు. పోలయ్య చేతిలో నీళ్ళ సీసాతో పాటు ఈసారి శాలువా కూడా ఉంది.

"పరాంకుశం గారూ, మీరెక్కడ దాక్కున్నారు!" అంటూ కమిషనరు దిగాడు. "ఇంతటి ఘనకార్యం చేసి చెప్పనైనా లేదు! నేను లెక్కలు చూశాను. ఈ వార్డులో ఒక్క మనిషి కూడా టీ తాగడంలేదు. అందరూ టీలో పంచదార మానారు, పాలు మానారు, ఆఖరికి పొడి కూడా మానారు! రాష్ట్రంలోనే మొదటి టీ రహిత ఆదర్శ వార్డు ఇది. దీనికి స్ఫూర్తి మీరు." శాలువా తీసి ఆయన భుజాల మీద కప్పాడు. వేడి గ్లాసు శాలువా లోపల పరాంకుశం వేళ్ళని కాలుస్తోంది.

కమిషనరు జనం వైపు తిరిగి గొంతు పెంచాడు. "ఈ శుభసందర్భంలో ఇంకో సంతోషకరమైన ప్రకటన. టీ తాగని వార్డుకి టీ ట్యాంకరు పంపడం ప్రజాధనం దుర్వినియోగం. కావున రేపటినుంచి పదకొండో వార్డుకి ట్యాంకరు రద్దు చేస్తున్నాం!"

చప్పట్లు కొట్టడానికి చేతులెత్తిన విలేకరులు మధ్యలోనే ఆగిపోయారు. బిందెలు చంకలో పెట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళంతా పరాంకుశం వంక చూశారు. చూడామణి కూడా చూసింది. చంకలో బిందెను కాస్త పైకి ఎగదోసుకుని, నొప్పిపెడుతున్న మోకాలి మీద బరువు తగ్గించుకుంటూ నిలబడింది.

పరాంకుశానికి ఏం చేస్తే ఏమవుతుందో స్పష్టంగా తెలుసు. నోరు మూసుకుంటే శాలువా దక్కుతుంది, నీళ్ళు పోతాయి. నోరు తెరిస్తే దొంగ సర్టిఫికెట్ల మీద ఎంక్వయిరీ వస్తుంది, కుర్చీలోంచి లేవాల్సి వస్తుంది. ఎవరినైనా అడుగుదామంటే పైవారు ఎక్కడో ఉన్నారు. వేళ్ళు కాలిపోతున్నాయి. ఆయన శాలువా తొలగించి, గ్లాసు బయటికి తీసి, అందరూ చూస్తుండగా గటగటా తాగేశాడు. ఒలికిన చుక్కలు శాలువా మీద పడ్డాయి.

"నేను టీ తాగుతాను సార్" అన్నాడు. "నాకు ఏ జబ్బూ లేదు. ఇక్కడ ఎవరికీ లేదు. మాకు నీళ్ళు కావాలి. ఆ నీళ్ళతో టీ పెట్టుకోవడమో, ఒళ్ళు తోముకోవడమో మా ఇష్టం. నీళ్ళు పంపించండి."

"మా ఆయనే!" అంది చూడామణి, పక్కనున్నావిడతో. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాశింబీ అప్పటికే ఇంకో గ్లాసు నింపుతోంది.

కమిషనరు ముఖం పాలిపోయింది. విలేకరులు రాసుకుంటున్నారు. టీ రహిత ఆదర్శ వార్డులో ఆదర్శపురుషుడే టీ తాగేశాడు. వార్డు టీ రహితమా, కాదా? రహితం కాకపోతే సన్మానం తప్పు. రహితమే అయితే ఇప్పుడు ఈయన తాగింది ఏమిటి? పైగా ఆ టీ, పొడి లేని టీలో పొడి వేసి కాచినది. దాన్ని టీ అనాలా, రెండుసార్లు టీ అనాలా? ప్రియవ్రత్ పోలయ్య చేతిలో సీసా లాక్కుని రెండు గీతల నీళ్ళు తాగాడు. ఆ మనిషి పెదవుల మీద ఏ మాట తయారవుతోందో ముందుగా గ్రహించింది పరాంకుశమే. ఆ మాట కోసం ఆయన ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు.

"ఇది చాలా క్లిష్టమైన విషయం" అన్నాడు కమిషనరు. "దీని మీద నా స్థాయిలో నిర్ణయం తీసుకోవడం భావ్యం కాదు. పైవారి స్పష్టత కోరుదాం."

"అంతవరకు సార్?" అన్నాడు పరాంకుశం.

"అంతవరకు యథాతథ స్థితి. ట్యాంకరు వస్తూ ఉంటుంది. ఎంక్వయిరీ కూడా స్పష్టత వచ్చాకే. నోటు మీరే పెట్టండి."

జీపు వెళ్ళిపోయింది. వీధిలో బిందెల చప్పుడు మళ్ళీ మొదలైంది.

మర్నాడు పొద్దున్నే పరాంకుశం ఇంటి దగ్గరనుంచి చెంబుతో నీళ్ళు పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. అందరికన్నా ముందు వెళ్ళాడు. నోటు తన చేత్తోనే రాశాడు. తరవాత బిరుసెక్కిన జిగురు సీసా తెరిచి, అందులో పదకొండో వార్డు నీళ్ళు పోసి, పుల్లతో ఓపిగ్గా కలిపాడు. "అతి జరూరు" చీటీల కట్ట విప్పాడు. కాగితానికి ముందొకటి, వెనకొకటి అంటించాడు. కవరు మీద నాలుగు మూలలా అంటించాడు. ఇంకా జిగురు మిగిలితే కవరు మూత మీద అడ్డంగా ఇంకొకటి అంటించి, అది ఊడిపోకుండా ఆరేదాకా అరచేత్తో నొక్కిపట్టుకుని కూర్చున్నాడు. ఆరాక స్వయంగా తపాలా పెట్టెదాకా నడిచి వేసి వచ్చాడు.

దారిలో కాశింబీ అల్లం చితక్కొడుతోంది.